కంప్యూటర్ ఆటలో కౌలు రైతుకు చోటెక్కడ? ఆటల నియమాల్లోని రాజకీయ పక్షపాతంపై చర్చ

వశిష్ఠ తీరం (నరసాపురం)

మిత్రులందరికీ నమస్కారం. కంప్యూటర్ ఆటల్లో రాజకీయ భావజాలం ఉందా లేదా అన్న మాట వచ్చినప్పుడల్లా మన చర్చ ఒకే దారిలో పోతోంది. ఫలానా ఆటలో ఫలానా దేశాన్ని శత్రువుగా చూపారనీ, ఫలానా పాత్రను ఫలానా మతస్థుడిగా పెట్టారనీ పేచీ పడి అక్కడితో ఆగిపోతున్నాం. కథలోనూ బొమ్మలోనూ ఉండే పక్షపాతం ఎలాగూ కంటికి కనబడుతుంది, కాబట్టి దాన్ని ఒప్పుకోవడమో కాదనడమో ఆడేవాడి చేతిలోనే ఉంటుంది. ఆట ఏ పనికి డబ్బు ఇస్తుంది, ఏ పనికి నష్టం కలిగిస్తుంది, ఏ పని చేయడానికి అసలు అవకాశమే ఇవ్వదు అన్నవి మాత్రం అంత తేలిగ్గా కనబడవు. ఈసారి చర్చ వాటి మీద జరగాలని నా కోరిక.

1989లో విల్ రైట్ రూపొందించిన సిమ్‌సిటీనే తీసుకోండి. నగరాన్ని కట్టి నడిపే ఈ ఆటలో మంచివాడూ చెడ్డవాడూ లేరు, జెండాలు లేవు, నినాదాలు లేవు. అయితే ఆట లోపలి లెక్కలకు ఆయన ప్రేరణ పొందినది ఎం.ఐ.టి. ఆచార్యుడు జే ఫారెస్టర్ 1969లో ప్రకటించిన నగర నమూనా నుంచి. పేదలకు చవక ఇళ్లు కట్టిస్తే నగరం బాగుపడకపోగా మరింత క్షీణిస్తుందని ఆ నమూనా తేల్చింది. దాని మీద ఆనాడే నిపుణులు గట్టిగా వాదించుకున్నారు. ఆట ఆడే పిల్లవాడికి ఆ వాదనేదీ తెలియదు. పన్ను 7 శాతం దగ్గర మొదలవుతుంది, పెంచుకుంటూ పోతే జనం ఊరు విడిచిపోతారు, తగ్గిస్తే వస్తారు. పది ఊళ్లు కట్టి కూల్చేసరికి అది ఒక ఆచార్యుడి అభిప్రాయంలా కాకుండా నీరు పల్లానికి పారినంత సహజంగా అనిపిస్తుంది.

అదే వరసలో 2013లో వచ్చిన సిమ్‌సిటీని తయారు చేసేటప్పుడు, నిజమైన అమెరికా నగరాల్లో కార్లు నిలిపే స్థలాలు ఎంత విస్తీర్ణంలో ఉంటాయో రూపకర్తలు కొలిచి చూశారు. ఉన్నది ఉన్నట్టు పెడితే ఊరంతా పార్కింగే కనబడి ఆట విసుగు పుట్టిస్తుందని, అవన్నీ నేల కింద ఉన్నట్టు ఊహించుకొమ్మని వదిలేశారు. వాళ్లు ఏ పక్షం తీసుకుందామనుకోలేదు. ఆట బాగుండాలనుకున్నారు, అంతే. కానీ కార్ల మీద ఆధారపడిన నగరం మనిషి నుంచి ఎంత నేల లాక్కుంటుందో ఆ ఆటలో ఎప్పటికీ తెలియకుండా పోయింది.

మీరు ఆడిన ఆటల్లో ఇటువంటివి గమనించి ఉంటే రాయండి.

ఉప్పుటేరు (భీమవరం)

వశిష్ఠ తీరం గారూ, మీరు చెప్పిన వాస్తవాలతో నాకు పేచీ లేదు, వాటి నుంచి మీరు తీసిన నిర్ణయంతో ఉంది. ఏ నమూనా అయినా కొన్నిటిని వదిలేయక తప్పదు. చదరంగంలో రాజును కాపాడడానికి బంట్లను బలి ఇస్తాం, అందువల్ల చదరంగం ఆడేవాళ్లందరూ రాచరికాన్ని కోరుకుంటున్నారని ఎవరూ అనరు. ఆటకు నియమాలు ఉండాలి, నియమం అంటేనే కొన్నిటిని అనుమతించి కొన్నిటిని కాదనడం. ప్రతి నియమాన్నీ రాజకీయం అనేస్తే ఆ మాటకు అర్థమే మిగలదు.

పైగా ఆటగాళ్లు అంత అమాయకులు కారు. సిమ్‌సిటీలో ఊరు కట్టి, దాని మీదకు వరద వదిలి, భూకంపం తెప్పించి ఆడుకున్న తరం మాది. ఆట మాకు పన్నుల గురించి ఏదో నేర్పింది అనడం కన్నా, ఆట లొసుగులు ఎక్కడున్నాయో వెదకడం నేర్పింది అంటే సబబుగా ఉంటుంది.

రాజోలు రైతు బిడ్డ (రాజోలు)

పెద్దలు క్షమించాలి, నేను రాసేది కొంచెం పొడవుగా ఉంటుంది. నేను డిగ్రీ చదువుతూ నాన్నగారికి సాయంగా వ్యవసాయం చూసుకుంటున్నాను. మాకు సొంత సెంటు భూమి లేదు, చేసేదంతా కౌలు సేద్యమే.

ఫార్మింగ్ సిమ్యులేటర్ అనే స్విస్ కంపెనీ ఆట 2008 నుంచి వస్తోంది. 2024 నవంబరులో వచ్చిన సంచికలో మొదటిసారి వరి పెట్టారు, గేదెలు పెట్టారు. మడికి నీళ్లు పెట్టి, నారు యంత్రంతో నాటి, కోతకు ముందు నీళ్లు తీసేసే పద్ధతంతా ఉంది. అది చూసి నేను నిజంగా సంతోషించాను. వరి మడిని ఇంత శ్రద్ధగా చూపించినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది, కాబట్టి ఇప్పుడు నేను చెప్పేది వాళ్లను తప్పు పట్టడానికి చెప్పడం కాదు.

ఆ ఆటలో ట్రాక్టరును అద్దెకు తీసుకోవచ్చు, కోత మిషను అద్దెకు తీసుకోవచ్చు. పొలాన్ని మాత్రం కొనుక్కోవలసిందే. ఇంకొకరి పొలంలో పని ఒప్పుకుని కూలి తీసుకోవచ్చు, లేదా బ్యాంకు అప్పు తెచ్చి పొలం కొని యజమాని కావచ్చు. ఈ రెండిటికీ మధ్యన ఉన్న మనిషి, అంటే ఇంకొకరి భూమిలో తన పెట్టుబడి పెట్టి, పంట వచ్చినా రాకపోయినా కౌలు కొలవవలసిన మనిషి, ఆ ఆట ప్రపంచంలో పుట్టనే లేదు. మా డెల్టాలో సేద్యం చేసేవాళ్లలో అత్యధికులు అటువంటివాళ్లే. మా వైపు చాలామందికి సార్వా (ఖరీఫు) ధాన్యం కౌలుకే సరిపోతుంది, దాళ్వాలో (రబీలో) ఏమైనా మిగిలితే అదే ఇల్లు గడవడానికి. తుపాను వచ్చి చేను పడిపోతే పరిహారం ఎవరి పేరున వస్తుందన్నది పాసు పుస్తకాన్ని బట్టి ఉంటుంది, విత్తనం ఎవరు చల్లారన్న దాన్ని బట్టి కాదు.

ఇక అమ్మకం. ఆటలో ట్రాలీని అమ్మకం కేంద్రం దగ్గరకు తోలి ధాన్యం పోయగానే డబ్బు ఖాతాలో పడుతుంది. మా ఊళ్లో రోడ్డు పక్కన బరకాల మీద ధాన్యం ఎండబెట్టి, మబ్బు పట్టినప్పుడల్లా పరుగెత్తి కప్పి, తేమ కొలిచే మిషనులో గుప్పెడు గింజలు పోసి ఆ అంకె 17 దాటకుండా ఉండాలని ఊపిరి బిగబట్టి నిలబడతాం. దాటితే మళ్లీ ఎండబెట్టాలి, లేదా బస్తాకు ఇంత అని తగ్గించుకుని ఇచ్చేయాలి. ఆ తరవాత సంచుల కోసం, లారీ కోసం, డబ్బు కోసం ఎదురుచూడాలి. ఆటలో ధర నెలను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది, కానీ ఆ ధరకూ రైతుకూ నడుమ మనిషి ఉండడు.

పక్క పొలాన్ని రొయ్యల చెరువు చేస్తే ఉప్పు నీరు మన చేలోకి ఊరడమూ అందులో లేదు. మురుగు కాలువ పూడిపోయి ఊరంతటి నీళ్లు పల్లపు చేలో నిలబడడమూ లేదు. ఎవరి పొలం వారిది, ఎవరి కష్టం ఫలితం వారిది. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు, అంటే సాగు మానేశారు. ఆ ఆట ఆడిన మనిషికి ఆ నిర్ణయం ఎలా అర్థమవుతుంది? దున్నకుండా ఉంటే ఏ రోజూ లాభం రాదని నేర్పే ఆటలో, దున్నితేనే ఎక్కువ నష్టం అన్న పరిస్థితిని చెప్పడానికి భాషే లేదు కదా.

చదరంగంలో బంటును అవతల జీవితంలో ఎవరూ వెదుక్కోరండి. కానీ ఇది వ్యవసాయం ఇలాగే ఉంటుందని చెప్పుకుని అమ్ముడుపోయే ఆట. పట్నంలో పుట్టి పెరిగి, వ్యవసాయమంటే ఈ ఆటే తెలిసిన కుర్రాడు రేపు బ్యాంకులోనో రెవెన్యూ ఆఫీసులోనో కూర్చుంటాడు. అప్పుడు అతని బుర్రలో రైతు అంటే యజమానే.

చరిత్ర మాస్టారు (రామచంద్రపురం)

రాజోలు బాబూ, చాలా చక్కగా రాశావు. దీనికి చరిత్ర వైపు నుంచి ఒకటి కలుపుతాను.

1991లో సిడ్ మేయర్, బ్రూస్ షెల్లీ రూపొందించిన సివిలిజేషన్ ఆట మా బడి పిల్లలు ఇప్పటికీ ఏదో ఒక సంచికలో ఆడుతున్నారు. అందులో ప్రతి జాతీ ఊరు కట్టాలి, నేల ఆక్రమించాలి, ఒక విద్య తరవాత ఇంకొక విద్య సంపాదించాలి, చివరకు అంతరిక్షానికి ఓడ పంపాలి. ఈ మెట్లు ఎక్కనివాళ్లకు అందులో ఉన్న పేరు అనాగరికులు. వాళ్లు అడవిలోంచి కారణం లేకుండా ఊడిపడతారు, ఊళ్లను దోచుకుంటారు, వాళ్లను చంపితే మనకు లాభం. తొలి సంచికల్లో వాళ్లతో మాట్లాడే వీలు కూడా లేదు.

మన గోదావరి ఏజెన్సీలో 1879లో రంప తిరుగుబాటు జరిగింది. కల్లు మీద పన్ను, రంప మన్సబుదారు దోపిడీ, పైనుంచి కట్టుదిట్టాలు దానికి కారణాలు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు సేద్యాన్ని దెబ్బ తీసింది. ఆ బాధే పెరిగి పెరిగి 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీదకు వెళ్లేదాకా వచ్చింది. సివిలిజేషన్ కళ్లతో చూస్తే రంప కొండల మనుషులు అడవిలోంచి ఊడిపడిన మూకలే. పన్నూ లేదు, చట్టమూ లేదు, పోడూ లేదు, తిరుగుబాటు ఒక్కటే ఉంది. కలెక్టరు దొర రాసుకునే నివేదిక కూడా ఇంచుమించు ఇలాగే ఉండేది.

2018లో ఆ ఆట ఆరో సంచికలో కెనడాలోని క్రీ జాతిని, వారి నాయకుడు పౌండ్‌మేకరును చేర్చారు. గౌరవంగానే చేర్చారు. అయినా ఆ జాతి పెద్ద ఒకరు బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. ఇతరులను జయించి నేల లాక్కోవడం వలసపాలకుల విలువ అనీ, అదే తమ పూర్వుల విలువ కూడా అన్నట్టు ఆట చూపిస్తోందనీ ఆయన బాధ. బొమ్మ చక్కగా గీశారు, సంగీతం తగినట్టు కూర్చారు, నియమం మాత్రం పాతదే.

రాజ్యాలు కట్టి యుద్ధాలు చేసే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆట రెండో భాగంలో 2022 దాకా భారతీయులందరూ ఒకే జాతి. ఆ తరవాత నాలుగుగా విడదీసి, దక్షిణాది మొత్తాన్ని ద్రావిడులు అన్న ఒక్క పేరు కింద పెట్టారు. కాకతీయులకూ, రాజమహేంద్రవరం రెడ్డి రాజులకూ అందులో విడిగా చోటు లేదు. దాన్ని నేను కుట్ర అనను. కానీ ఎవరి చరిత్రను ఎంత దగ్గరగా చూడాలన్నది కూడా ఒక నిర్ణయమేనని పిల్లలకు చెబుతాను.

తటస్థ పాఠకుడు (తణుకు)

ఇంతవరకు రాసినవారందరూ ఒకే వైపు నుంచి చూస్తున్నారని చెప్పక తప్పడం లేదు. పక్షపాతం అంటే వలసవాదానికో, భూస్వామ్యానికో, పెట్టుబడికో అనుకూలంగా ఉండడమే అన్నట్టు సాగుతోంది చర్చ. అటువైపు ఉన్నవాటి సంగతేమిటి?

2022లో వచ్చిన, పందొమ్మిదో శతాబ్దపు దేశాన్ని నడిపే విక్టోరియా 3 ఆటలో భూస్వాముల వర్గానికి రాజకీయ బలం తగ్గించి, ఓటు హక్కు పెంచి, జనం జీవన ప్రమాణం పెంచితేనే దేశం సంపన్నమవుతుంది. పరిశ్రమలను కార్మికుల సహకార యాజమాన్యం కిందకు తెచ్చే చట్టం కూడా అందులో ఉంది. 2019లో వచ్చిన డిస్కో ఎలీసియం అనే డిటెక్టివ్ కథ ఆట రూపకర్తలు అవార్డు వేదిక మీద మార్క్స్‌కూ ఎంగెల్స్‌కూ కృతజ్ఞతలు చెప్పారు. పల్లెలో సేద్యం చేసుకునే స్టార్‌డ్యూ వ్యాలీ ఆటలో పెద్ద దుకాణాల కంపెనీయే ఊరికి పట్టిన పీడ. ఇవి భావజాలం కావా? ఇవి నచ్చినవాళ్లు వీటిని వాస్తవికత అంటున్నారు, నచ్చనివాటిని పక్షపాతం అంటున్నారు. కొలబద్ద రెండు వైపులకూ ఒకటే ఉండాలి.

వశిష్ఠ తీరం (నరసాపురం)

తటస్థ పాఠకుడు గారి మాట న్యాయమైనది. నా ఉద్దేశం కూడా అదే. విక్టోరియా 3 నియమాల్లో ఒక సిద్ధాంతం ఉంది, సిమ్‌సిటీ నియమాల్లో ఇంకొక సిద్ధాంతం ఉంది. రెండిటినీ ఒకే ప్రశ్నలు అడగాలి. ఈ ఆటలో ఎవరు నిర్ణయం తీసుకుంటారు, ఎవరు అంకెగా మిగులుతారు, నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది? విక్టోరియా 3ను ఈ ప్రశ్నలు అడిగినా ఇబ్బందికరమైన జవాబులే వస్తాయి. అందులో రైతులూ కూలీలూ లక్షల సంఖ్యలో ఉన్నారు, వారి కోరికలకు లెక్క ఉంది, కానీ పైన కూర్చుని చట్టాన్ని మార్చే చేయి ఎప్పుడూ ఆటగాడిదే. జనం మేలు కోరే సర్వాధికారి అనేది కూడా ఒక రాజకీయ కల్పనే కదండీ.

ఒక తేడా మాత్రం ఉంది. డిస్కో ఎలీసియం తన రాజకీయాన్ని మొహాన చెబుతుంది, కమ్యూనిస్టులను సైతం వదలకుండా అందరినీ నిలదీస్తుంది. ఆడేవాడు దానితో వాదించగలడు. లెక్కల్లో కలిసిపోయిన సిద్ధాంతంతో వాదించడం కష్టం.

గౌతమి గట్టు (కాకినాడ)

నేను ఆటలు తయారు చేసే ఒక సంస్థలో ప్రోగ్రామరుగా పని చేస్తున్నాను. లోపలి సంగతి కొంత చెబుతాను. మా గదిలో కూర్చుని ఎవరూ భావజాలం గురించి చర్చించరు. మేం మాట్లాడుకునేది ఆటగాడు ఎక్కడ విసుగు చెంది ఆపేస్తున్నాడు అన్నదాని గురించి. అయితే పక్షపాతం దూరే దారి అదే. ఆటగాడు తన చేతుల్లో లేని కారణంతో ఓడిపోతే కోపం తెచ్చుకుంటాడు. కాబట్టి కష్టపడితే ఫలితం వచ్చి తీరేటట్టు, అంకె ఎప్పుడూ పెరిగేటట్టు లెక్కలు సర్దుతాం. అలా సర్దినప్పుడల్లా, గెలిచినవాడు ప్రతిభ వల్లే గెలిచాడు, ఓడినవాడు చేతగాక ఓడాడు అన్న ప్రపంచం తయారవుతుంది. రాజోలు తమ్ముడు చెప్పిన తేమ మిషనును పెడదామని నేను ప్రతిపాదిస్తే, ఆటగాడికి అది అన్యాయంగా తోస్తుందని మొదటి సమావేశంలోనే తీసేస్తారు. అది అన్యాయమే, జీవితంలో కూడా. అందుకే దాన్ని చూపించడం అవసరం.

ఇబ్బందికరమైనదాన్ని పూర్తిగా తుడిచేయడం ఇంకొక పద్ధతి. 2019లో వచ్చిన ఆనో 1800లో పందొమ్మిదో శతాబ్దపు ఓడలూ, రేవులూ, కొత్త ప్రపంచపు చెరకు తోటలూ, పత్తి తోటలూ అన్నీ ఉన్నాయి, బానిసత్వం లేదు. వినోదంగా ఆడుకునే ఆటలో ఆటగాడి చేత బానిసలను కొనిపించకూడదన్న సంకోచం నాకు అర్థమవుతుంది. కానీ బానిసలు లేకుండానే ఆ పత్తీ ఆ చక్కెరా వచ్చాయన్న భ్రమ మిగిలిపోతుంది.

దీన్ని ఇంకోలా చేయవచ్చని లూకాస్ పోప్ 2013లో పేపర్స్, ప్లీజ్ అనే చిన్న ఆటతో చూపించారు. అందులో మనం సరిహద్దు తనిఖీ గుమాస్తాలం. పత్రాలు సరిగ్గా చూస్తేనే జీతం, తప్పు చేస్తే కోత, ఇంట్లో పిల్లవాడికి మందులు కొనాలి. కిటికీ ముందు నిలబడి బతిమాలుతున్న మనిషిని పత్రం సరిగా లేదని వెనక్కి పంపే చేయి మనదే అవుతుంది. నిరంకుశ పాలనలో మామూలు ఉద్యోగి ఎలా భాగస్వామి అవుతాడో ఆ నియమాలే చెబుతాయి.

శ్రావణ మేఘం (పాలకొల్లు)

తల్లిగా నా ఆందోళన తుపాకీ ఆటల గురించి. అమెరికా సైన్యం 2002 జూలై 4న అమెరికాస్ ఆర్మీ అనే ఆటను ఉచితంగా విడుదల చేసింది. సైన్యంలో చేరడానికి యువకులను ఆకర్షించడం దాని ప్రకటిత లక్ష్యం. రెండు జట్లుగా ఆడేటప్పుడు ఎవరి తెర మీద చూసినా తమ జట్టువాళ్లు అమెరికా సైనికులుగానూ, ఎదుటివాళ్లు శత్రువులుగానూ కనబడేటట్టు దాన్ని చేశారు. అంటే ఆ ఆటలో అమెరికాకు ఎదురుగా నిలబడిన మనిషి కళ్లతో చూడడం ఎవరికీ సాధ్యం కాదు. రాజకీయం నియమాల్లో ఉంటుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు కనబడలేదు.

2019 నాటి కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్‌లో, మృత్యు రహదారి అనే పేరుతో జరిగిన దాడిని రష్యావాళ్లు చేసినట్టు చెప్పారు. అదే పేరు పడిన నిజమైన రహదారి కువైట్ నుంచి ఇరాక్‌కు పోయేది. 1991లో అక్కడ బాంబులు వేసింది అమెరికా నాయకత్వంలోని సేనలు. ఆ పేరు మొదటిసారి ఆటలోనే విన్న పిల్లవాడికి ఆ సంగతి ఎవరు చెబుతారు?

మన దగ్గర 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను నిషేధించారు. 2021 జూలైలో అదే ఆట బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాగా వచ్చింది, రక్తం ఎరుపు పోయి ఆకుపచ్చ అయింది. చైనాలో 2019లో వచ్చిన దాని మరో రూపంలో తూటా తగిలినవాడు చేయి ఊపి వీడ్కోలు చెప్పి వెళ్లిపోతాడు. ప్రభుత్వాలకు రంగు మార్చడం వచ్చింది. నూరుమంది దిగి ఒక్కడు మిగిలేదాకా చంపుకోవాలన్న నియమం మాత్రం ఎక్కడా మారలేదు.

ఉప్పుటేరు (భీమవరం)

అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. అమెరికాస్ ఆర్మీ వంటివి ప్రచారమేనని నేనూ అంటాను. అయినా నా అసలు ప్రశ్నకు జవాబు రాలేదు. నియమంలో పక్షం ఉండడం వేరు, ఆడినవాడు ఆ పక్షానికి మారడం వేరు. పత్రిక చదివినవాడల్లా ఆ పత్రిక పార్టీకి ఓటు వెయ్యడు కదా. సిమ్‌సిటీ ఆడి పన్నులను ద్వేషించిన మనిషిని మీలో ఎవరూ చూపలేదు. అందువల్ల నిషేధం, హెచ్చరిక, తనిఖీ అంటూ ఎవరైనా మొదలుపెడితే నేను ఒప్పుకోను. రోగం ఏదో తేలకుండా మందు రాయకూడదు.

చరిత్ర మాస్టారు (రామచంద్రపురం)

ఉప్పుటేరు గారూ, నిషేధం మాట ఇక్కడ ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తను. ఒక పాత సంగతి చెబుతాను. మన చిన్నప్పుడు బొంబాయి, కలకత్తా కొంటూ అమ్ముతూ ఆడిన బిజినెస్ ఆటకు మూలం మోనోపలీ. దాని మూలం, లిజీ మేగీ అనే అమెరికా మహిళ 1904లో పేటెంటు పొందిన భూస్వామి ఆట. ఆమె హెన్రీ జార్జ్ సిద్ధాంతాన్ని నమ్మిన మనిషి. నేల విలువ సమాజం వల్ల పెరుగుతుంది కాబట్టి ఆ విలువ మీద పన్ను వేసి సమాజానికే చేర్చాలన్నది ఆ సిద్ధాంతం. అద్దెలు మింగే యజమాని చేతిలో మిగతావాళ్లు ఎలా దివాలా తీస్తారో జనానికి చూపడానికే ఆమె ఆ ఆట చేసింది. అదే పలక మీద రెండు రకాల నియమాలు పెట్టింది. ఒక పద్ధతిలో ఒక్కడే అన్నీ కొనేస్తాడు, ఇంకొక పద్ధతిలో సంపద పెరిగినకొద్దీ అందరికీ లాభం చేరుతుంది. 1935 నుంచి పెద్ద కంపెనీ అమ్మిన మోనోపలీలో మొదటి పద్ధతే మిగిలింది. అద్దెను తిట్టడానికి పుట్టిన ఆట, అద్దె వసూలు చేసి మురిసిపోయే ఆటగా ఇంటింటికీ చేరింది. పలక అదే, గళ్లు అవే, రెండో నియమాల కాగితం ఒక్కటే పోయింది. మనం అడగవలసినది ఆ కాగితాన్ని.

గౌతమి గట్టు (కాకినాడ)

మాస్టారూ, మీ మాట నన్ను పనిలోకి దింపింది. ఫార్మింగ్ సిమ్యులేటర్‌లో ఎవరైనా తమ మార్పులు రాసి జోడించే వీలు ఉంది. లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో కొంత కోడు రాస్తే కౌలు నియమాలను చేర్చవచ్చు. నా ఆలోచన ఇది. ఆటగాడు పొలం లేకుండా మొదలుపెడతాడు. సార్వా మొదట్లో యజమానితో ఎకరానికి ఇన్ని బస్తాలని ఒప్పందం. కోత కాగానే ఆ ధాన్యం ముందు వెళ్లిపోతుంది. అమ్మకం దగ్గర తేమ కొలత, ఎండబెట్టే స్థలం, వాన. రాజోలు తమ్ముడూ, ఇందులో తప్పు ఏమైనా ఉంటే దిద్దు.

రాజోలు రైతు బిడ్డ (రాజోలు)

అన్నయ్యా, అప్పు దగ్గర దిద్దాలి. ఆటలో మీట నొక్కితే బ్యాంకు అప్పు వస్తుంది. మన రాష్ట్రంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకు 11 నెలలకు సాగు హక్కు పత్రం ఇస్తారు, కానీ దానికి భూయజమాని సంతకం కావాలి. భూమి మీద ఎవరైనా హక్కు అడుగుతారేమోనన్న భయంతో చాలామంది పెట్టరు. పత్రం లేకపోతే బ్యాంకు అప్పు లేదు, ఎరువుల కొట్టు దగ్గరో, ధాన్యం కొనే వ్యాపారి దగ్గరో ఎక్కువ వడ్డీకి తేవాలి. ఆ వ్యాపారి దగ్గర తెస్తే పంట అతనికే, అతను చెప్పిన ధరకే వేయాలి. కాబట్టి మీ కోడులో సంతకం అడిగే చోట యజమాని జవాబు ఆటగాడి చేతిలో ఉండకూడదు. ఎంత బాగా పండించినా, కౌలు ఎంత సకాలంలో కొలిచినా, కొన్నిసార్లు వద్దనే రావాలి. వ్యాపారి అప్పుకు వడ్డీ, ధర కోత ఎలా లెక్కించాలో మా నాన్నగారి చేత చెప్పించి రాసి పంపుతాను. మురుగు కాలువ సంగతి మీరు చూడండి, ఎగువ చేల నీళ్లు పల్లపు చేలోకి వచ్చేటట్టు ఆ ఆటలో చేయడం కుదురుతుందా?

గౌతమి గట్టు (కాకినాడ)

కష్టమే. ఆ ఆటలో ఒక్కో వరి మడి నీటి మట్టం దానికదే విడిగా ఉంటుంది, ఒక పొలం నీరు ఇంకొక పొలానికి తెలియదు. ముందు కౌలు, సంతకం, వ్యాపారి అప్పు రాస్తాను. నాన్నగారి లెక్కలు వచ్చాక ఇక్కడే పెడతాను, ఉప్పుటేరు గారు లొసుగులు వెదికి పెట్టాలి.